చిన్న స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ రైలు ఆగాలా, వద్దా? ఎవరు, ఏ లెక్కన నిర్ణయిస్తారు?

వరంగల్ జిల్లా నెక్కొండ వాసులు 2024 ఆరంభంలో ఒక విచిత్రమైన పనితో వార్తల్లోకి వచ్చారు. ఎక్కడికీ వెళ్లకపోయినా వాళ్లు రోజూ రైలు టికెట్లు కొన్నారు. వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, చందాలు వేసుకుని మరీ కొన్నారు.

తమ స్టేషన్‌లో ఒక ఎక్స్‌ప్రెస్ రైలుకు తాత్కాలికంగా ఇచ్చిన స్టాపేజీ, ఆదాయం చాలలేదన్న కారణంతో రద్దు కాకూడదన్నదే వారి ఉద్దేశం.

ఇది నెక్కొండకే పరిమితమైన సమస్య కాదు. దేశంలో 7 వేలకు పైగా రైల్వే స్టేషన్లు ఉన్నాయి. వాటిలో చాలా వాటి మీదుగా రోజూ పదుల సంఖ్యలో ఎక్స్‌ప్రెస్‌లు ఆగకుండా దూసుకుపోతుంటాయి. 'ఇక్కడ కూడా ఆపండి' అన్నది ఎంపీలకు వచ్చే వినతిపత్రాల్లో తరచూ కనిపించే డిమాండ్.

రెండు నిమిషాలు ఆపితే పోయేదేముందన్నది స్థానికుల ప్రశ్న. అందరూ అలాగే అడిగితే అది ఎక్స్‌ప్రెస్ ఎలా అవుతుందన్నది రైల్వే సమాధానం. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మరి ఈ నిర్ణయం ఎలా జరుగుతుంది? అందులో ఏం లెక్కలోకి వస్తుంది, ఏం రాదు?

ఆగిన ప్రతి రైలూ ఎక్కడానికి కాదు

రైలు ఆగడంలో రెండు రకాలున్నాయి.

మొదటిది కమర్షియల్ స్టాపేజీ. అంటే టైంటేబుల్‌లో ఉండేది, టికెట్ తీసుకుని ఎక్కి దిగగలిగేది.

రెండోది టెక్నికల్ హాల్ట్. లోకో పైలట్లు, గార్డులు డ్యూటీ మారడానికి, ఇంజిన్ మార్చడానికి, బోగీల్లో నీళ్లు నింపడానికి, ఎదురుగా వచ్చే రైలుకు దారి ఇవ్వడానికి ఆపేది. ఇలాంటి చోట రైలు ఐదు నిమిషాలు నిలబడినా ఆ స్టేషన్ పేరు మీద టికెట్ దొరకదు.

దురంతో రైళ్లు దీనికి మంచి ఉదాహరణ. 2009-10 రైల్వే బడ్జెట్‌లో అప్పటి మంత్రి మమతా బెనర్జీ వీటిని ప్రకటించారు. మొదలైన చోటు నుంచి చివరి స్టేషన్ దాకా మధ్యలో ప్రయాణికుల కోసం ఎక్కడా ఆగకూడదన్నది అసలు ఆలోచన. అయితే సిబ్బంది మార్పు కోసం అవి మధ్యలో ఆగక తప్పేది కాదు. ఎలాగూ ఆగుతున్నప్పుడు ప్రయాణికులను ఎందుకు ఎక్కించుకోకూడదన్న ప్రశ్న వచ్చింది. తర్వాతి ఏళ్లలో అలాంటి హాల్టుల్లో టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టారు.

అందుకే స్టాపేజీ అడిగేవారు మొదట తెలుసుకోవాల్సింది, ఆ రైలు ఇప్పటికే అక్కడ టెక్నికల్‌గా ఆగుతోందా అన్నది. ఆగుతుంటే సమయం పోతుందన్న అభ్యంతరం చాలావరకు తేలిపోతుంది.

ఎవరు నిర్ణయిస్తారు?

వినతి సాధారణంగా స్టేషన్ మాస్టర్, ఎంపీ, డివిజనల్ రైల్వే మేనేజర్ (డీఆర్‌ఎం) లేదా ప్రయాణికుల సంఘాల ద్వారా వెళ్తుంది. డివిజన్, జోన్ స్థాయుల్లో రైల్వే వినియోగదారుల సంప్రదింపుల కమిటీలు ఉంటాయి. వాటి సమావేశాల్లోనూ ఇలాంటి డిమాండ్లు వస్తుంటాయి.

డివిజన్‌లో రెండు విభాగాలు దీన్ని పరిశీలిస్తాయి. ఎంతమంది ఎక్కుతారు, ఎంత ఆదాయం వస్తుందన్నది కమర్షియల్ విభాగం చూస్తుంది. రైలు అక్కడ ఆగితే వెనుక వచ్చే రైళ్ల పరిస్థితి ఏమిటన్నది ఆపరేటింగ్ విభాగం చూస్తుంది. ఈ ఇద్దరి అభిప్రాయాలు చాలాసార్లు ఒకటి కావు.

అక్కడి నుంచి ప్రతిపాదన జోన్ ప్రధాన కార్యాలయానికి, తర్వాత దిల్లీలోని రైల్వే బోర్డుకు వెళ్తుంది. మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల కొత్త స్టాపేజీకి సాధారణంగా బోర్డు ఆమోదం కావాలి. ఒక రైలు రెండు మూడు జోన్ల మీదుగా వెళ్తుంది కాబట్టి, ఒక చోట ఐదు నిమిషాలు ఆలస్యమైతే దాని ప్రభావం పక్క జోన్ టైంటేబుల్ మీద కూడా పడుతుంది.

ఆమోదం వచ్చినా అది చాలావరకు ప్రయోగాత్మకంగానే ఉంటుంది. ప్రకటనల్లో తరచూ కనిపించే గడువు ఆరు నెలలు. ఆ కాలంలో టికెట్ల అమ్మకాలు చూసి కొనసాగించాలా, తీసేయాలా అన్నది తేలుస్తారు. 'తదుపరి ఉత్తర్వుల వరకు' అంటూ పొడిగించడమూ మామూలే.

పార్లమెంటులో ఈ ప్రశ్న ఎప్పుడు వచ్చినా రైల్వే మంత్రిత్వ శాఖ జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది. స్టాపేజీ ఇవ్వడం నిరంతర ప్రక్రియ అని, నిర్వహణపరమైన వీలు, ప్రయాణికుల రద్దీ, వనరుల లభ్యతపై అది ఆధారపడి ఉంటుందని చెబుతుంది.

రెండు నిమిషాలు ఆగితే పోయేది ఎంత?

టైంటేబుల్‌లో రెండు నిమిషాలే కనిపిస్తాయి. కానీ అసలు నష్టం అంతకు రెట్టింపు పైనే ఉంటుంది.

గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రైలు ఆగాలంటే కిలోమీటరున్నర ముందు నుంచే వేగం తగ్గించాలి. ఆగిన తర్వాత మళ్లీ ఆ వేగం అందుకోవడానికి 22, 24 బోగీల రైలుకు శక్తిమంతమైన ఎలక్ట్రిక్ ఇంజిన్‌తో కూడా సుమారు నాలుగు నిమిషాలు పడుతుంది. ఆగకుండా వెళ్లి ఉంటే పట్టే సమయంతో పోల్చి చూస్తే, రెండు నిమిషాల స్టాపేజీ వల్ల మొత్తం నాలుగు నుంచి ఐదు నిమిషాలు పోతాయి.

ప్లాట్‌ఫాం మెయిన్ లైన్ పక్కనే ఉంటే ఉండే లెక్క ఇది. చాలా చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫాం లూప్ లైన్ మీద ఉంటుంది. మెయిన్ లైన్ నుంచి లూప్‌లోకి మళ్లే చోట వేగం సాధారణంగా గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు. బయటికి వచ్చేటప్పుడు చివరి బోగీ మలుపు దాటేదాకా అదే వేగంతో కదలాలి. అప్పుడు నష్టం ఆరు, ఏడు నిమిషాలకు చేరుతుంది.

అంటే ఒకే జనాభా ఉన్న రెండు ఊళ్లలో ఒకదానికి స్టాపేజీ ఇవ్వడం తేలిక, మరోదానికి కష్టం కావచ్చు. తేడా జనంలో కాదు, పట్టాల అమరికలో ఉంటుంది. ఈ సంగతి వినతిపత్రం ఇచ్చేవారికి ఎవరూ చెప్పరు.

ఇక కరెంటు. ఇంజిన్‌తో కలిపి 22 బోగీల రైలు బరువు సుమారు 1,200 టన్నులు. దాన్ని సున్నా నుంచి 110 కిలోమీటర్ల వేగానికి తీసుకెళ్లడానికి కావాల్సిన శక్తి, గాలి నిరోధం వంటివి పక్కన పెట్టి లెక్కగట్టినా, 155 యూనిట్ల దాకా ఉంటుంది. ఒక మధ్యతరగతి ఇల్లు నెలంతా వాడే కరెంటుకు ఇది దగ్గరగా ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటును తిరిగి తీగల్లోకి పంపే ఇంజిన్లు ఇప్పుడు ఉన్నాయి. కానీ అంతా తిరిగి రాదు. బ్రేకులు, చక్రాల అరుగుదల దీనికి అదనం.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు లైన్ ఖాళీ. విజయవాడ - విశాఖపట్నం, కాజీపేట - విజయవాడ వంటి రద్దీ మార్గాల్లో రైలు వెనుక రైలు ఉంటుంది. ముందు రైలు ఆగితే వెనుక దానికి సిగ్నల్ పడదు. ఆ వెనుక ఉన్నది చాలాసార్లు బొగ్గు, సిమెంటు తీసుకెళ్లే గూడ్స్ రైలు. రైల్వే రాబడిలో దాదాపు మూడింట రెండు వంతులు సరకు రవాణా నుంచే వస్తుంది. అందుకే ఆపరేటింగ్ విభాగం ప్రతి కొత్త స్టాపేజీనీ అనుమానంగానే చూస్తుంది.

'సూపర్ ఫాస్ట్' హోదాతో చిక్కు

బ్రాడ్ గేజ్ మీద రానూపోనూ సగటు వేగం గంటకు కనీసం 55 కిలోమీటర్లు ఉంటే ఆ రైలును సూపర్ ఫాస్ట్ అంటారు. అందుకు టికెట్ మీద అదనపు చార్జీ వసూలు చేస్తారు. సెకండ్ క్లాస్‌లో 15 రూపాయలు, స్లీపర్‌లో 30, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీల్లో 45, ఫస్ట్ ఏసీలో 75 రూపాయలు.

ఒక ఉదాహరణ చూద్దాం. 600 కిలోమీటర్ల దూరాన్ని పదిన్నర గంటల్లో వెళ్లే రైలు సగటు వేగం 57 కిలోమీటర్లు. దానికి ఐదు కొత్త స్టాపేజీలు ఇచ్చి, ఒక్కోదానికి ఐదు నిమిషాలు కలిపితే ప్రయాణం 10 గంటల 55 నిమిషాలు అవుతుంది. సగటు వేగం 55 కంటే కొంచెం కిందికి దిగుతుంది.

అంటే ఐదు చిన్న ఊళ్ల కోరిక తీరిస్తే ఆ రైలు సూపర్ ఫాస్ట్ హోదా పోతుంది. హోదా నిలుపుకోవాలంటే మిగతా చోట్ల సమయం కోసుకోవాలి. ఏ ఒక్క స్టాపేజీ కూడా తనంతట తానుగా పెద్ద నష్టం చేయదు. అన్నీ కలిస్తేనే చేస్తాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రయాణికులకు కృష్ణా ఎక్స్‌ప్రెస్ తెలిసిన రైలే. ఆదిలాబాద్ - తిరుపతి మధ్య అది ఎన్నో చిన్న స్టేషన్లలో ఆగుతుంది. ఆ దారిలోని ఊళ్లకు అది పెద్ద ఆధారం. కానీ చివరి దాకా వెళ్లేవారిలో త్వరగా చేరాలనుకునేవారు వేరే రైలు చూసుకుంటారు.

టికెట్ల లెక్కలో ఏముంటుంది, ఏముండదు?

స్టాపేజీకి అయ్యే ఖర్చు కంటే అక్కడ అమ్ముడయ్యే టికెట్ల ఆదాయం ఎక్కువగా ఉండాలన్నది రైల్వే చూసే ప్రధాన కొలమానం. వినడానికి సమంజసంగానే ఉంటుంది. కానీ దీనిలో కొన్ని లోపాలున్నాయి.

ఒకటి, రైలు ఆగని చోట టికెట్లు అమ్ముడుకావు. చిన్న ఊరివాళ్లు ఆటోలోనో బస్సులోనో పక్కనున్న పెద్ద స్టేషన్‌కు వెళ్లి అక్కడి నుంచి రిజర్వేషన్ చేయించుకుంటారు. ఆ టికెట్ పెద్ద స్టేషన్ ఖాతాలో పడుతుంది. దాంతో పెద్ద స్టేషన్‌లో రద్దీ ఎక్కువని, చిన్న స్టేషన్‌లో ఎవరూ లేరని రికార్డుల్లో కనిపిస్తుంది.

రెండోది, దిగేవారు. ఆదాయం లెక్క ఎక్కువగా టికెట్ కొన్న స్టేషన్‌ది. హైదరాబాద్‌లో టికెట్ కొని సొంత ఊళ్లో దిగిన విద్యార్థి ఆ ఊరి లెక్కలోకి సులువుగా రాడు.

మూడోది సమయం. తెల్లవారుజామున 2 గంటలకు వచ్చే రైలుకు స్టాపేజీ ఇచ్చి, జనం ఎక్కలేదు కాబట్టి తీసేస్తున్నామంటే అది ఊరి అవసరాన్ని కొలిచినట్టు కాదు. వెళ్లేటప్పుడు ఆగి తిరుగు ప్రయాణంలో ఆగని రైలుదీ అదే కథ. సగం ప్రయాణానికి పనికొచ్చే రైలును జనం పూర్తిగా నమ్ముకోరు.

నాలుగోది, కొత్త అలవాటుకు పట్టే కాలం. బస్సుకు అలవాటుపడిన ఊరు రైలుకు మారడానికి ఆరు నెలలు చాలకపోవచ్చు. ఇది తాత్కాలిక స్టాపేజీ అని తెలిసినప్పుడు దాన్ని నమ్ముకుని కాలేజీ, ఉద్యోగం, వైద్యం వంటివి ఎవరూ ప్లాన్ చేసుకోరు.

నెక్కొండ వాసులు చేసింది ఈ కొలమానం బలహీనతను బయటపెట్టింది. టికెట్ల సంఖ్యను బట్టే నిర్ణయం అయినప్పుడు, ఐకమత్యం, చందా వేసుకునే స్తోమత ఉన్న ఊరు ఆ సంఖ్యను చేరుకోగలదు. అవి లేని ఊరు నిజమైన అవసరం ఉన్నా చేరుకోలేదు.

ఎవరి ఐదు నిమిషాలు? ఎవరి గంటన్నర?

ఆదాయం పక్కన పెట్టి సమయంతో లెక్కగట్టి చూద్దాం. ఇది ఊహాజనితమైన ఉదాహరణ మాత్రమే.

ఒక రైలులో 1,200 మంది ఉన్నారు. కొత్త స్టాపేజీ వల్ల ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పోతాయి. మొత్తం 6,000 నిమిషాలు. ఆ స్టేషన్‌లో ఎక్కి దిగేవారికి, పెద్ద స్టేషన్ దాకా వెళ్లి రావాల్సిన బాధ తప్పి, ఒక్కొక్కరికి గంటన్నర మిగులుతుందనుకుందాం. అలాంటివారు 67 మంది ఉంటే రెండు వైపులా లెక్క సమానం. 40 మందే ఉంటే మొత్తంమీద నష్టం. వంద మంది ఉంటే లాభం.

ఈ లెక్క నుంచి ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. స్టాపేజీ విలువ ఊరి జనాభాను బట్టి కాక, ప్రత్యామ్నాయం ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. పక్క పెద్ద స్టేషన్ 10 కిలోమీటర్ల దూరంలో ఉండి, గంటకు నాలుగు బస్సులుంటే మిగిలేది ఇరవై నిమిషాలే. అదే 50 కిలోమీటర్లు వెళ్లాలంటే 30 మంది ప్రయాణికులున్నా స్టాపేజీకి న్యాయం ఉండొచ్చు.

అందరి నిమిషాలూ ఒకేలా ఉండవన్నది మరో సంగతి. రాత్రంతా నిద్రపోయి పొద్దున దిగేవారికి ఐదు నిమిషాలు పెద్దగా తెలియవు. పగటి ఇంటర్‌సిటీలో ఆఫీసు వేళకు చేరాల్సినవారికి తెలుస్తాయి. నగరంలోని ఆసుపత్రికి వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరాలనుకునే వృద్ధులకు ఊళ్లోనే రైలు ఎక్కగలగడం గంటల లెక్కకు అందదు. కేవలం ఆదాయం చూసే పద్ధతిలో ఈ తేడాలేవీ కనిపించవు.

జంక్షన్, ప్లాట్‌ఫాం, పక్క ఊరు

కొన్ని స్టేషన్లు ఊరు చిన్నదైనా తమ వెనుక పెద్ద ప్రాంతాన్ని మోస్తాయి. సామర్లకోట అలాంటిది. కాకినాడ మెయిన్ లైన్ మీద లేదు కాబట్టి, చెన్నై - హౌరా మార్గంలో వెళ్లే రైళ్లకు కాకినాడ ప్రయాణికులు సామర్లకోటకే రావాలి. తిరుపతికి రేణిగుంట కూడా అలాగే ఉపయోగపడుతుంది. వీటిని ఆ పట్టణ జనాభాతో తూచడం తప్పు.

ప్లాట్‌ఫాం పొడవు మరో అంశం. 22 ఎల్‌హెచ్‌బీ బోగీల రైలు ఇంజిన్‌తో కలిపి దాదాపు 550 మీటర్లు ఉంటుంది. ప్లాట్‌ఫాం అంత లేకపోతే చివరి బోగీలవారు కంకర మీదకు దిగాలి. సామాన్లు, పిల్లలతో చీకట్లో అది ప్రమాదకరం. రెండు వైపులా ప్లాట్‌ఫాం, దాటడానికి పాదచారుల వంతెన లేని చోట రెండు నిమిషాల స్టాపేజీ పట్టాలు దాటే పరుగుగా మారుతుంది.

స్టేషన్ కేటగిరీని చాలామంది స్టాపేజీకి అర్హతగా పొరబడుతుంటారు. ఆదాయం, ప్రయాణికుల సంఖ్యను బట్టి రైల్వే స్టేషన్లను వర్గీకరిస్తుంది. సబర్బన్ కాని స్టేషన్లు ఎన్‌ఎస్‌జీ-1 నుంచి ఎన్‌ఎస్‌జీ-6 దాకా, హాల్ట్ స్టేషన్లు హెచ్‌జీ-1 నుంచి హెచ్‌జీ-3 దాకా ఉంటాయి. ఏడాదికి కోటి రూపాయల లోపు ఆదాయం, 10 లక్షల లోపు ప్రయాణికులు ఉన్నవి ఎన్‌ఎస్‌జీ-6లోకి వస్తాయి. కానీ ఈ కేటగిరీ వెయిటింగ్ హాలు, తాగునీరు, మరుగుదొడ్ల వంటి వసతులను నిర్ణయించడానికే. రైళ్లు ఆపడానికి కాదు.

అమృత్ భారత్ పథకం కింద దేశవ్యాప్తంగా 1,300కు పైగా స్టేషన్లను ఆధునికీకరించేందుకు ఎంపిక చేశారు. కొత్త భవనం, లిఫ్టు వచ్చినంత మాత్రాన కొత్త స్టాపేజీలు రావు. అవి వేరే ఫైలు.

తిరూర్ కేసు: కోర్టు ఏం చెప్పింది?

స్టాపేజీ ఒక హక్కా? ఈ ప్రశ్న 2023లో కోర్టుకు వెళ్లింది.

కేరళలో మొదటి వందే భారత్ 2023 ఏప్రిల్‌లో మొదలైంది. మలప్పురం జిల్లాలోని తిరూర్‌లో దానికి స్టాపేజీ ఇవ్వలేదు. కేరళలో అత్యధిక జనాభా ఉన్న జిల్లా మలప్పురం. అలాంటి జిల్లాలో ఒక్క చోటా ఆగకపోవడం అన్యాయమంటూ పిటిషన్ దాఖలైంది.

కేరళ హైకోర్టు దాన్ని కొట్టేసింది. రైలు ఎక్కడ ఆగాలన్నది రైల్వే నిర్ణయించాల్సిన విషయమని, ఫలానా చోట ఆపాలని కోరే హక్కు ఎవరికీ ఉండదని పేర్కొంది. జిల్లాకొకటి, ఊరికొకటి అంటూ అడిగినవారందరికీ ఇస్తూ పోతే వేగవంతమైన రైలు ఉద్దేశమే దెబ్బతింటుందన్నది దాని వాదన. సుప్రీంకోర్టు కూడా 2023 జులైలో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. ఇది విధానపరమైన అంశమని స్పష్టం చేసింది.

అయితే కథ అక్కడితో ముగియలేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో అలప్పుళ మీదుగా కేరళకు రెండో వందే భారత్ వచ్చింది. దానికి తిరూర్‌లో స్టాపేజీ ఇచ్చారు. కోర్టులో దొరకనిది రెండో రైలుతో దొరికింది.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే ధోరణి. సికింద్రాబాద్ - విశాఖపట్నం వందే భారత్ 2023 జనవరి 15న ప్రారంభమైనప్పుడు మధ్యలో వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రిలలో మాత్రమే ఆగేది. తర్వాత సామర్లకోట, ఏలూరు చేరాయి. సికింద్రాబాద్ - తిరుపతి వందే భారత్‌కు మిర్యాలగూడ, నాగ్‌పుర్ - సికింద్రాబాద్ వందే భారత్‌కు మంచిర్యాల తర్వాత కలిసినవే.

కొత్త రైలు తక్కువ స్టాపేజీలతో మొదలవుతుంది. ఏడాది, రెండేళ్లలో ఒక్కొక్కటే పెరుగుతాయి. కొంతకాలానికి దానికంటే వేగంగా మరో కొత్త రైలు కావాలంటారు. భారత రైల్వేలో ఇది ఎప్పటి నుంచో నడుస్తున్న వరస.

ప్యాసింజర్ రైలు తగ్గితే ఒత్తిడి ఎక్స్‌ప్రెస్‌పైనే

ఒకప్పుడు చిన్న స్టేషన్లకు ప్యాసింజర్ రైలు దిక్కు. 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్‌తో ప్రయాణికుల రైళ్లన్నీ ఆగిపోయాయి. తర్వాత ప్రత్యేక రైళ్ల పేరుతో దశలవారీగా తిరిగి మొదలయ్యాయి. 2021 నవంబర్‌లో ప్రత్యేక రైళ్ల హోదా తొలగించి పాత నంబర్లు తెచ్చే ప్రక్రియ ప్రారంభించారు.

కానీ అన్నీ పాతలా రాలేదు. ఈ విరామంలోనే ఐఐటీ బాంబే సాయంతో జీరో బేస్డ్ టైంటేబుల్ తయారైంది. అంటే పాత టైంటేబుల్‌కు మార్పులు చేయడం కాకుండా, ప్రతి రైలూ ప్రతి స్టాపేజీ అవసరమా అని మొదటి నుంచి పరిశీలించడం. ట్రాక్ పనులకు ఖాళీ సమయం దొరకాలని, గూడ్స్ రైళ్ల వేగం పెరగాలని దాని లక్ష్యం. ఆ క్రమంలో చాలా చిన్న స్టేషన్లు ఉన్న స్టాపేజీలను పోగొట్టుకున్నాయి. పలు ప్యాసింజర్ రైళ్లు ఎక్స్‌ప్రెస్‌ స్పెషల్‌లుగా మారి కనీస చార్జీ పెరిగింది. ఆ చార్జీని 2024 ఫిబ్రవరిలో మళ్లీ పాత స్థాయికి తగ్గించారు.

ఇప్పుడు వస్తున్న స్టాపేజీ డిమాండ్లలో ఒక భాగాన్ని ఈ కోణంలో చూడాలి. ఊరివాళ్లకు కావాల్సింది ఎక్స్‌ప్రెస్సే కానక్కర్లేదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నమ్మకంగా నడిచే రైలు చాలు. అది లేనప్పుడు కళ్లముందు దూసుకుపోతున్న ఎక్స్‌ప్రెస్‌నే ఆపమంటారు.

ఇతర దేశాలు ఏం చేస్తున్నాయి?

జపాన్‌లోని టోక్యో - ఒసాకా షింకాన్‌సెన్ మార్గంలో మూడు రకాల రైళ్లు నడుస్తాయి. నొజోమి పెద్ద నగరాల్లోనే ఆగుతుంది. హికారి మరికొన్ని చోట్ల, కొదామా అన్ని స్టేషన్లలో ఆగుతాయి. చిన్న స్టేషన్‌లో కొదామా ఆగి ఉండగా నొజోమి దాన్ని దాటి వెళ్తుంది. ఏ ఊరికీ సేవ పూర్తిగా పోదు, ఏ రైలూ అన్ని చోట్లా ఆగదు.

బంగ్లాదేశ్‌లో ఢాకా - చట్టోగ్రామ్ మార్గంలో సువర్ణ ఎక్స్‌ప్రెస్ మధ్యలో ఢాకా విమానాశ్రయ స్టేషన్‌లో మాత్రమే ఆగుతుంది. మిగతా పట్టణాలకు అదే మార్గంలో వేరే ఇంటర్‌సిటీ, మెయిల్ రైళ్లు ఉన్నాయి.

మన దగ్గర నిర్మాణంలో ఉన్న ముంబయి - అహ్మదాబాద్ బులెట్ రైలు కూడా ఇదే పద్ధతి మీద రూపొందింది. 508 కిలోమీటర్లలో 12 స్టేషన్లు. తక్కువ చోట్ల ఆగే రైలుకు 2 గంటల 7 నిమిషాలు, అన్ని చోట్లా ఆగే రైలుకు 2 గంటల 58 నిమిషాలు పడుతుందని తొలి ప్రణాళికల్లో అంచనా వేశారు. దాదాపు 50 నిమిషాల ఈ తేడా స్టాపేజీలదే.

ఈ పద్ధతికి రెండు షరతులున్నాయి. వేగంగా వెళ్లే రైలు దాటిపోవడానికి అదనపు లైన్లు కావాలి. అన్ని చోట్లా ఆగే రైలు త్వరగా వేగం అందుకోగలగాలి. రెండోదానికి మన దగ్గర మెమూ రైళ్లు ఉన్నాయి. ఇంజిన్ లాగే పొడవాటి రైలుతో పోలిస్తే ఇవి త్వరగా ఆగి త్వరగా కదులుతాయి. మొదటిదానికి మూడో లైన్ పనులు పూర్తికావాలి. 100 కిలోమీటర్ల పరిధిలోని చిన్న స్టేషన్లన్నిటినీ కలుపుతూ, పెద్ద జంక్షన్‌లో ఎక్స్‌ప్రెస్‌కు అందేలా వేళలు కుదిర్చిన మెమూ ఒక్కటి ఉంటే పది స్టాపేజీ డిమాండ్లకు సమాధానం దొరుకుతుంది. అయితే ఎక్స్‌ప్రెస్ దాటిపోవడం కోసం మెమూను గంటసేపు లూప్‌లో పడేస్తే జనం దాన్ని నమ్మరు.

మీ స్టేషన్‌కు స్టాపేజీ అడగాలంటే?

'అన్ని ఎక్స్‌ప్రెస్‌లు ఆపాలి' అన్న వినతి ఎక్కడికీ పోదు. పరిశీలనకు నిలిచే వినతిలో కొన్ని వివరాలు ఉండాలి.

- ఏ రైలు, ఏ నంబర్, రానూపోనూ ఏ వేళకు వస్తుంది. పగటిపూట వచ్చే ఒక్క రైలును ఎంచుకోవడం మేలు.
- ఆ రైలు ఇప్పటికే టెక్నికల్‌గా ఆగుతోందా, ప్లాట్‌ఫాం మెయిన్ లైన్ మీద ఉందా, లూప్ మీద ఉందా, పొడవు ఎంత.
- పక్క స్టేషన్‌కు ఎంత దూరం, బస్సులు ఎన్ని, ఆటోకు ఎంత ఖర్చు.
- మీ ఊరివారు ప్రస్తుతం పక్క స్టేషన్ నుంచి ఎన్ని రిజర్వేషన్లు చేయిస్తున్నారు. కాలేజీలు, ఆసుపత్రి, పరిశ్రమ ఉంటే ఎంతమంది రాకపోకలు సాగిస్తారు.
- ఇదే పరిధిలో అసలు వాడకంలో లేని వేరే స్టాపేజీ ఉంటే దాని బదులు ఇవ్వవచ్చేమో.

స్టేషన్‌లో టికెట్ల అమ్మకాల వివరాలను సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో డివిజన్ కార్యాలయం నుంచి కోరవచ్చు. కొత్త టైంటేబుల్ ఇటీవలి ఏళ్లలో జనవరి 1 నుంచి అమల్లోకి వస్తోంది. దానికి చాలా నెలల ముందే వినతి చేరాలి.

పట్టాల మీద కూర్చుంటే మాత్రం చట్టం వేరుగా చూస్తుంది. రైల్వే చట్టం-1989లోని సెక్షన్ 174 ప్రకారం రైలును అడ్డుకుంటే రెండేళ్ల దాకా జైలు లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. స్టాపేజీ లేని చోట దిగడానికి చైన్ లాగితే సెక్షన్ 141 కింద ఏడాది దాకా జైలు లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు.

ఇక రైల్వే వైపు నుంచి జరగాల్సింది కూడా ఉంది. స్టాపేజీ ఇచ్చినప్పుడు, నిరాకరించినప్పుడు, తీసేసినప్పుడు దానికి వాడిన లెక్కను ఆ స్టేషన్ నోటీసు బోర్డు మీద పెట్టడానికి పెద్దగా ఖర్చు కాదు. ఎంత ఆదాయం కావాలి, ఎంత వచ్చింది, రైలుకు ఎన్ని నిమిషాలు పోయాయి అన్న మూడు అంకెలు చాలు. ఇప్పుడు ఊరివాళ్లకు తెలిసేది ఫలితం ఒక్కటే. లెక్క కూడా తెలిస్తే, ఎక్స్‌ప్రెస్ కోసం పోరాడాలా లేక అదే మార్గంలో మెమూ కోసం అడగాలా అన్నది వాళ్లే తేల్చుకోగలరు.